రిలక్టెంట్లు లేని మండలం

కంటి పరీక్షల ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంటారు. ఊళ్ల మీదికి పోతే ముందుగా ఏం తెలిసుండాలి సార్ అని అడుగుతారు. టార్చి ఎట్లా పట్టుకోవాలో, అక్షరాల పట్టీ ఎంత దూరంలో పెట్టాలో మీకు కాలేజీలోనే చెప్పారు. అవి నాకంటే మీకే బాగా తెలుసు. నేను చెప్పగలిగింది ఫారంలో ఉండే ఒక గడి గురించి మాత్రమే. ఆ గడిని ఏళ్ల తరబడి ఖాళీగా వదిలేసి, ఒక మంచి మనిషి కంటి మీదికి తెచ్చినవాణ్ని నేను.

నా ఉద్యోగం నాగర్‌కర్నూల్‌లో మొదలైంది, వీపనగండ్లలో నడిచింది, చివరి పదేళ్లు ధరూర్ వైపు గడిచింది. ఎక్కడికి పోయినా నన్ను పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు. అందరికీ కండ్ల సారునే. ఊరూరా తిరిగి పెద్దవాళ్ల కళ్లు చూడడం, శుక్లం వచ్చిన వాళ్లను వనపర్తిలో ఆపరేషన్‌కు తీసుకుపోవడం నా పని.

ఆపరేషన్ అవసరమైన వాళ్ల పేర్లు రాసే ఫారంలో పేరుకు ఎదురుగా మూడు గడులుండేవి. విల్లింగ్, రిలక్టెంట్, రెఫ్యూజ్డ్. మొదటిది ఒప్పుకున్నవాళ్లకు, చివరిది కాదన్నవాళ్లకు. నడిమి గడి మాత్రం నాకు కొరుకుడు పడలేదు. నేను తెలుగు మీడియం వాణ్ని. డిక్షనరీ తీసి చూస్తే అయిష్టత, వెనుకాడటం అని ఏదో ఉంది. ఇష్టం లేదంటే కాదన్నట్టే కదా, మళ్లీ దానికో వేరే గడి ఎందుకు?

మా ఆసుపత్రిలో అనుభవం పండిన ఫార్మసిస్టు ఒకాయన ఉండేవాడు. నా సందేహం విని, చుట్టూ చూసి, మెల్లగా చెప్పాడు.

"ఆ నడిమి గడి జోలికి పోకు తమ్మీ. దాంట్ల టిక్కు పెట్టినవంటే ఎన్కపేజీ నింపాలె. ఆ ఇంటికి ఇంక మూడుసార్లు పోవాలె, పోయిన తారీఖు రాయాలె, గాయన ఏమన్నడో రాయాలె. రెఫ్యూజ్డ్ అని రాయి. కత ఖతం."

ఇంత చక్కటి భాష్యం ఏ డిక్షనరీ చెప్తుంది? ఆ రోజు నుంచి మా మండలంలో రిలక్టెంట్ అనే మనిషి పుట్టలేదు. జిల్లా మీటింగుల్లో పక్క మండలాల వాళ్లు తమ రిలక్టెంట్ల గురించి తలలు పట్టుకుంటుంటే, మేము మాత్రం కాలు మీద కాలేసుకుని బిస్కెట్లు తినేవాళ్లం.

ఇందులో ఉన్న అన్యాయం ఏమిటంటే, మా పాలమూరు మనిషి నోటి నుంచి 'రాను' అనే మాట అసలు రాదు. "చూద్దాం సారు" అంటాడు. "పల్లికాయ పీకినంక" అంటాడు. "బిడ్డ కాన్పు కానియ్" అంటాడు. కడుపులో ఎలుకలు పరుగెత్తుతున్నా సరే, అన్నం తిందువు రా అంటే "ఇప్పుడే తిన్న" అంటాడు. మూడోసారి రెక్క పట్టి కూర్చోబెడితే అందరికంటే రెండు ముద్దలు ఎక్కువే తింటాడు. అట్లాంటి మనుషులందరినీ కాదన్నవాళ్ల కింద రాసేసి నేను సాయంత్రానికి ఇల్లు చేరేవాణ్ని.

ధరూర్ అవతల కృష్ణ వైపున్న ఒక ఊళ్లో, ఆటోలు ఆగే చోట ఒక రేకుల డబ్బాలో కటింగ్ షాపు ఉండేది. ఒక కుర్చీ, ఒక అద్దం, గోడకు క్యాలెండరు, ఎదురుగా పొడుగాటి బెంచి. అది నడిపే ఆయనకు అరవై దాటాయి. ఆయన ముందు తల వంచని మగవాడు ఆ ఊళ్లో లేడు, సర్పంచితో సహా. ఒకసారి ఊళ్లో పరీక్షలు చేస్తూ ఆయన కళ్లు కూడా చూశాను. ఎడమ కంటికి శుక్లం బాగా దిగింది. మా వైపు మోతిబిందు అంటారు.

"వనపర్తికి పోదామా అన్నా? ఆపరేషన్‌కు పైస ఖర్చు లేదు."

"చూద్దాం సారు. పెండ్లిళ్ల కాలం అయిపోనియ్."

నేను ఒక కాలు బండి మీద వేసి, రెండో కాలు నేల మీద ఉండగానే రెఫ్యూజ్డ్ గడిలో టిక్కు పెట్టాను. కాదన్నవాళ్ల పేరు తర్వాతి జాబితాలోకి రాదు. అట్లా ఆయన నా కాగితాల్లోంచి వెళ్లిపోయాడు. పెళ్లిళ్ల కాలం అయిపోయింది, ఇంకో పెళ్లిళ్ల కాలం కూడా వచ్చిపోయింది. నేను ఆ డబ్బా ముందు నుంచి ఎన్నోసార్లు పోయాను గానీ ఆగలేదు.

అప్పుడు మా ఆసుపత్రికి కొత్త డాక్టరమ్మ వచ్చింది. నా చిన్న బిడ్డ వయసుంటుంది. వచ్చిన వారానికే నా రిజిస్టర్ ముందేసుకుని కూర్చుంది.

"ఏంది సార్, మీ మండలంల రిలక్టెంట్లు ఒక్కరు గూడ లేరా?"

"లేరు మేడం. మా దగ్గర అంత ఖుల్లాఖుల్లా. వస్తే వస్తరు, లేకుంటే లేదు."

ఇంతలో చాయ్ వచ్చింది.

"చాయ్ తీసుకోండ్రి సార్."

"వద్దు మేడం, ఇప్పుడే తాగిన."

"పర్వాలేదు, తీసుకోండ్రి."

"అయ్యో, నాకెందుకు మేడం..."

"చల్లారుతది సార్."

తీసుకున్నాను. పక్కనున్న బిస్కెట్ కూడా తీసుకున్నాను. రెండో బిస్కెట్ సగంలో ఉండగా ఆమె రిజిస్టర్ నా వైపు తిప్పింది.

"గిప్పుడు మీరు ఏ గడిలకొస్తరు సార్?"

బిస్కెట్ గొంతులో అడ్డం పడింది. ఆమె నీళ్లిచ్చి, నింపాదిగా చెప్పింది. "కాదన్నోడంటే తలుపేసి గొళ్లెం పెట్టుకున్నోడు. రిలక్టెంట్ అంటే తలుపు దగ్గరగేసి, సందులకెళ్లి మనల్ని చూస్తుండేటోడు. మనల్ని నౌకరిల పెట్టుకున్నది ఆయన కోసమే సార్. విల్లింగ్ ఉన్నోళ్లు మనం లేకున్నా బస్సెక్కి పోతరు." తర్వాత రిజిస్టర్ మూసి, "ఈ రెఫ్యూజ్డ్ అన్నోళ్ల ఇండ్లకు అన్నిటికీ మళ్ల పోండ్రి. వాళ్ల మాట వాళ్ల నోటితోటి వచ్చినట్టే రాసుకరాండ్రి" అంది.

రిటైర్మెంటు ముందు ఈ ఎండల్లో ఇదేం ఖర్మ అనుకుంటూ బయల్దేరాను. ఆ మాటకొస్తే ఆ వారం మండలం మొత్తంలో అసలు సిసలు రిలక్టెంటును నేనే.

రేకుల డబ్బా ఉన్న ఊరికి పోయేసరికి పొద్దున తొమ్మిదైంది. ఆ ఊరి ఆశ కార్యకర్త నా వెంట వచ్చింది. మొదటి ఇంటి అరుగు మీద ఒక ముసలాయన కూర్చున్నాడు. మూతి కింద గదుమ మీద చిన్న కాగితం ముక్క అంటించుకుని ఉన్నాడు.

"ఏమైంది తాతా?"

"తుమ్మముల్లు గీరింది."

పక్కింటాయన చెంప మీద అడ్డంగా ఒక గీత. పిల్లి రక్కిందన్నాడు. ఆ పైయింటాయన గదుమ మీద రెండు గాట్లు. "మా ఇంటిదాని గాజు తాకింది" అన్నాడు. లోపలి నుంచి ఆమె గొంతు ఖంగున మోగింది. "నేనెప్పుడు కొట్టిన్నయ్యా నిన్ను? సారు ముంగట నా ఇజ్జత్ తీస్తున్నవు!"

గాట్లు లేని మగవాళ్లకేమో గడ్డాలున్నాయి. ఒకే వాడలో నలుగురు. ఎందుకని అడిగితే నలుగురిదీ ఒకే జవాబు. "బీచుపల్లి హనుమంతునికి మొక్కుకున్న సారు."

"ఈ ఊర్ల గింత భక్తి ఎప్పటి సంది వచ్చిందమ్మా?" అని ఆశ కార్యకర్తను అడిగాను.

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "భక్తి కాదు సారు, భయం. డబ్బా కాడి పెద్దాయనకు కండ్లు కనబడ్తలేవు. అంత చెయ్యి అందాజ మీదనే చేస్తుండు."

నేను ఆశ్చర్యపోయి గడ్డాల వాళ్లలో ఒకతన్ని పట్టుకున్నాను. "చౌరస్తాల కొత్త సెలూన్ పడ్డది గదా. గాడికి పోవచ్చు గదయ్యా?"

అతను నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోను. "మా నాయన పోయిననాడు నాకు గుండు చేసింది ఆయననే. నా కొడుకు పుట్టెంటికలు తీసింది ఆయననే. గిప్పుడు కండ్లు మసకైనయని చౌరస్తాకు పోతే, మనిషి ఏమనుకుంటడు సారు?"

"మరి కనబడ్తలేదని చెప్పొచ్చు గదా."

"ఎవరు చెప్తరు? నువ్వు చెప్పు."

అదీ సంగతి. ఆ మనిషి మనసు నొప్పించడం ఇష్టం లేక ఊరు ఊరంతా మూతులు కోయించుకుంటున్నది. నాకు నవ్వొచ్చింది. కానీ ఆ గాట్లలో సగం నా టిక్కు వల్ల పడ్డవే కదా అని గుర్తొచ్చేసరికి ఆ నవ్వు మొహం మీదే మాడిపోయింది.

డబ్బా దగ్గర బండి ఆపగానే ఆయన చప్పుడు విని, "ఎవరు, కండ్ల సారా?" అన్నాడు. బెంచి మీద ముగ్గురున్నారు, ఇందాకటి కాగితం ముసలాయన కూడా వచ్చి ఒక చివర కూర్చున్నాడు. ఆయన భార్య వెనుక పొయ్యి మీద నీళ్లు కాస్తున్నది. టార్చి వేసి చూశాను. ఎడమ కన్ను గంజి పోసినట్టు తెల్లగా ఉంది. కుడి కంట్లో కూడా పొర మొదలైంది. ఎడమ కంటి శుక్లం అప్పటికే ముదిరిపోయింది. ఇంకా ఆగితే లోపల ఒత్తిడి పెరిగి కంటి నరం చచ్చిపోతుంది. నరం పోయాక ఏ ఆపరేషనూ పని చేయదు. ఆ మాటే చెప్పాను, గురువారం బస్సుందని కూడా చెప్పాను.

"ఎడమది పోతే పోనియ్ సారు. నా చెయ్యికి కండ్లున్నయి."

"చెయ్యికి ఎన్ని కండ్లున్నా కంటికి కన్ను కావాలె గదన్నా."

ఆయన కొంతసేపు కత్తిని తోలు మీద అటూ ఇటూ తిప్పాడు. తర్వాత గొంతు తగ్గించాడు. బెంచి మీద వాళ్లకు వినిపించదనుకున్నాడు గానీ ఆ డబ్బాలో చీమ నడిచినా వినిపిస్తుంది.

"నలభై ఏండ్ల సంది మందిని కదలకు, కదలకు అన్నోన్ని నేను. గిప్పుడు ఇంకొకడు నా కంట్ల కత్తి పెట్టి కదలకు అంటడు. కత్తి సంగతి కత్తి పట్టినోనికే తెలుస్తది సారు. గదొక్కటి. ఇంకోటి, ఆపరేషన్ అయిందంటే నాకు కనబడ్తలేదని ఊరికి తెలుస్తది. తెలిసినంక ఎవడు నాకు మెడ ఇస్తడు?"

బెంచి మీది ముగ్గురూ ఒక్కసారిగా గోడ క్యాలెండరు చూడసాగారు. ఆయన భార్య పొయ్యిలో లేని మంటను ఊదింది.

"ఒక పని చెయ్ సారు" అన్నాడాయన, కుర్చీ దులిపి. "నువ్వు కూర్సో. నా చెయ్యి మీద నీకు నమ్మకముంటే, మీ డాక్టర్ చెయ్యి మీద నాకు ఉంటది."

"నేను పొద్దుగాలనే చేసుకున్న అన్నా."

ఆయన అరచేయి నా చెంప మీద ఆనించాడు. "రెండు రోజుల గడ్డం."

"అయితే... చూద్దాంలే..."

నా నోట్లోంచి వచ్చిన ఆ మాట విని నాకే సిగ్గేసింది. వెళ్లి కూర్చున్నాను. మెడ చుట్టూ బట్ట కట్టి, నురగ పట్టించాడు. రిలక్టెంట్ అంటే ఏమిటో నాకు పూర్తిగా తెలిసింది ఆ కుర్చీలోనే. కాళ్లు చాపి ఉంటాయి, తల వెనక్కి ఆని ఉంటుంది, మెడ ఆయన చేతిలో ఉంటుంది. ప్రాణం మాత్రం బయట బండి పక్కన నిలబడి, తాళంచెవి చేతిలో పట్టుకుని ఉంటుంది. కాదన్నవాడి బాధ వేరు, వాడు రాడు. ఒప్పుకున్నవాడికి బాధే లేదు. నడిమి గడిలో ఉన్నవాడే పాపం రెండు చోట్లా ఉంటాడు.

కుడి చెంప నున్నగా వచ్చింది. చెయ్యి అంటే చెయ్యే, ఆ వేళ్లు చర్మాన్ని చదువుకుంటూ పోయాయి. నాకు కొంచెం ధైర్యం వచ్చింది. గదుమ కిందికి వచ్చేసరికి చురుక్కుమన్నది.

ఆయన చెయ్యి ఆగింది. "తెగిందా?"

"లేదు, లేదు" అన్నారు బెంచి మీద వాళ్లు ఒక్క గొంతుతో. "ఏం కాలే. మంచిగుంది."

నా నోట్లోనూ అదే మాట సిద్ధంగా ఉంది. 'లేదన్నా' అంటే అయిపోయేది. కానీ ఆయన అద్దంలోకి చూస్తున్నాడు. అద్దంలో నా మెడ మీద ఎర్రటి చార దిగుతున్నది, ఆయన కళ్లు దాని మీదుగా పోయి ఎక్కడో ఆగాయి. నాకు దుఃఖం వచ్చింది.

"తెగిందన్నా. రక్తమొస్తుంది" అన్నాను.

ఆయన వేలితో తడిమి చూసుకున్నాడు. తర్వాత బెంచి వైపు తిరిగి, "గిదొక్కటేనా?" అని అడిగాడు.

జవాబు పొయ్యి దగ్గర నుంచి వచ్చింది. "అందరికీ తెగుతున్నది. ఏడాది సంది తెగుతున్నది. చెప్తే నీకు బాధైతదని ఎవ్వరు చెప్తలేరు. నేను గూడ చెప్పలే."

"మరి యేంటికి వస్తున్నర్రా?" అని ఆయన కోపంగా అరిచాడు.

బెంచి చివరనున్న ముసలాయన గదుమ మీది కాగితం సర్దుకుంటూ, "యాడికి పోవాలె మరి?" అన్నాడు.

ఆయన కత్తి మడిచి అద్దం కింది అరలో పెట్టేశాడు. చాలాసేపు చేతులు తుడుచుకున్నాడు.

"గురువారం బస్సు ఎన్ని గంటలకు సారు?"

మిగిలిన సగం గడ్డం చేయమని అడిగే మొహం నాకు లేదు. ఒక చెంప నున్నగా, ఒక చెంప నురగతో, గదుమకు పటిక రాసుకుని బండి మీద ఆసుపత్రికి వచ్చాను. దారి పొడుగునా ఆటోల్లో వాళ్లు మెడలు తిప్పి చూశారు. డాక్టరమ్మ నన్ను చూసి లేచి నిలబడింది.

"ఏంది సార్ ఇది?"

"ఎన్కపేజీ నింపుకొచ్చిన మేడం."

వనపర్తిలో ఆపరేషన్ బల్ల మీద సర్జన్ "కదలొద్దు" అనగానే, ఆయన "బ్లేడు కొత్తదే గదా సారు?" అని అడిగాడట. నర్సులు ఆ మాట చెప్పుకుని చాలా రోజులు నవ్వారు. కట్టు విప్పాక మాత్రం నవ్వడానికి ఏమీ లేకపోయింది. ఎడమ కంటికి వెలుగు తెలుస్తున్నది, మనిషి వస్తే నీడలాగా తెలుస్తున్నది, అంతే. సర్జన్ నన్ను పక్కకు పిలిచి, ఇంకో ఏడాది ముందు తెచ్చి ఉంటే పూర్తిగా వచ్చేదండీ అన్నాడు. ఏడాది ముందు నేను ఎక్కడున్నానో ఆయనకు తెలియదు. ఒక కాలు బండి మీద వేసుకుని ఉన్నాను.

రెండు నెలల తర్వాత కుడి కంటికి చేశారు. అది అద్దంలాగా వచ్చింది. గోడ మీది క్యాలెండరులో తిథులు కూడా చదివాడు.

కానీ ఆయన కనబడిన ప్రతివాడికీ ఒకటే చెప్పేవాడు. "నా మొండితనమే నా ఎడమ కన్ను తిన్నది. సారు రమ్మన్ననాడే పోతే మంచిగుంటుండె." ఆ మాట విన్నప్పుడల్లా నన్ను చెప్పుతో కొట్టినట్టుండేది. సారు రమ్మన్నది ఒక్కసారి. ఆ తర్వాత ఆయన పేరే కొట్టేశాడు సారు. నిజం చెప్పేద్దామని చాలాసార్లు అనుకున్నాను. చుక్కలమందు అయిపోనియ్యి అనుకున్నాను. దసరా పోనియ్యి అనుకున్నాను. నాకు ఏ గడిలో టిక్కు పెట్టాలో అప్పటికి బాగానే తెలిసింది.

డాక్టర్లు ఒప్పుకున్నాక డబ్బా మళ్లీ తెరిచాడు. ఊళ్లో మొక్కులన్నీ ఆ ఒక్క రోజులోనే తీరిపోయాయి. గడ్డాల వాళ్లంతా బెంచి మీద, బెంచి చాలక నేల మీద కూర్చున్నారు. "ముందుగాల సారుకు" అన్నాడాయన. "నిజం చెప్పింది ఆయనొక్కడే."

ఆ మాటతో నేను ఇక ఆగలేకపోయాను. నురగ పెట్టడం అయింది, కత్తి నా గొంతు మీదికి వచ్చింది. మొత్తం ఊరు వింటుండగా, కదలకుండా, పెదాలు మాత్రమే కదిలిస్తూ చెప్పాను.

"అన్నా, నువ్వు మొండోనివి కాదు. ఆనాడు నువ్వు చూద్దాం అన్నవు. నేను రాను అన్నవని రాసిన. మళ్ల మళ్ల నీ ఇంటికి రావలసొస్తదని, తిరుగుడు తప్పుతదని గట్ల రాసిన. గా ఏడాది నువ్వు పోగొట్టుకోలే. నేను పోగొట్టిన."

కత్తి ఆగిపోయింది. అద్దంలో ఆయన కుడి కన్ను నన్ను సూటిగా చూస్తున్నది. ఎడమ కన్ను కూడా అటే తిరిగి ఉంది.

"జర ఆగు సారు" అన్నాడు చివరికి. "కండ్లు మంచిగనే కనబడుతున్నయి. చెయ్యే వణుకుతుంది."

కత్తి పక్కన పెట్టి, నా వెనుక కుర్చీ పట్టుకుని నిలబడ్డాడు. నా మెడ మీద నురగ ఆరిపోయింది. ఆయన వేడినీళ్లు తెప్పించి, మళ్లీ తడిపి, మళ్లీ నురగ పెట్టాడు. తన చెయ్యి ఒకసారి ఎదురుగా చాపి చూసుకుని, నా తల వెనక్కి వంచాడు. నేను మెడ ఇచ్చాను.